జాలువారే పూలమొక్కలు: హిందూపురం ప్రాంతానికి ఏవి తగును?

ఆఫ్రికన్ వయొలెట్ జన్మస్థానం టాంజానియాలోని ఉసంబరా కొండలు. ఐరోపాకు దానిని పరిచయం చేసిన జర్మన్ అధికారి సెయింట్ పాల్ పేరిట 1893లో సెయింట్‌పౌలియా ప్రజాతి ఏర్పడింది. 2015 నుంచి శాస్త్రజ్ఞులు దానిని స్ట్రెప్టోకార్పస్‌లో కలిపివేశారు. జెస్నేరియేసి కుటుంబంలో దీనికి బంధువులైన ఎపీషియా, లిప్‌స్టిక్ మొక్క (ఈస్కినాంథస్), కొలమ్నియా వేలాడే కుండీల నుంచి కిందికి జాలువారుతూ పూస్తాయి. బెంగళూరు చేరువలో ఉండడం వలన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలకు ఇటువంటి మొక్కలను తెప్పించడం కష్టం కాదు. వాటిని బతికించడమే కష్టం.

అక్కడి వాతావరణం వేరు, ఇక్కడిది వేరు. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలలో గాలిలో తేమ 30 శాతానికి దిగువకు పడిపోవడం ఈ ప్రాంతంలో మామూలే. ఎపీషియా వర్షారణ్యపు నేలపై, నీడలో, చెమ్మలో పాకే మొక్క. పొడిగాలికి దాని ఆకుల అంచులు మాడి, మొగ్గలు రాలిపోతాయి. లిప్‌స్టిక్ మొక్క మలయా, జావా అడవులలో చెట్ల కొమ్మలను ఆశ్రయించి పెరుగుతుంది. దాని ఆకులు దళసరిగా, మైనపు పొరతో ఉంటాయి కనుక వేరు కొంత ఆరినా తట్టుకుంటుంది. కొలమ్నియాలో చాలా రకాలకు మొగ్గ తొడగడానికి చల్లని రాత్రులు కావాలి. ఈ ప్రాంతంలో వాటి జోలికి పోకపోవడమే మేలు.

అయితే నర్సరీ వారికి ఎపీషియాపై మక్కువ కలగడం సహజం. అది స్టోలన్లనే పిలక తీగలను తానే వదులుతుంది. వాటి చివరి చిన్న మొక్కను తడి మిశ్రమంపై ఆనిస్తే రెండు మూడు వారాలలో వేరుపడుతుంది. లిప్‌స్టిక్ మొక్కకు 8-10 సెంటీమీటర్ల కొమ్మ కత్తిరింపులు నాటాలి. వేరు రావడానికి నెల పట్టవచ్చు, పూతకు ఏడాదికి పైగా ఓపిక పట్టాలి. పెంచేవారికి సులువైన మొక్క వేరు, కొన్నవారి ఇంట్లో నిలిచే మొక్క వేరు. ధర్మవరం ఇళ్లకు అమ్మదలచినప్పుడు రెండవదానినే ఎంచుకోవాలి. ఎపీషియాను గాజుతొట్టిలో పెంచుకోగలవారికి మాత్రమే, ఆ సంగతి చెప్పి అమ్మాలి.

ఈ మొక్కల ప్రవర్ధనానికి కావలసిన నేర్పు ఈ ప్రాంతంలో ఇప్పటికే ఉంది. హిందూపురం పరిసరాలు పట్టుపురుగుల పెంపకానికి పేరుపొందినవి. కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన సంస్థ ఉన్నది. చాకీ పురుగులకు 27-28 డిగ్రీల వేడి, 80-90 శాతం తేమ ఉండేటట్లు పారఫిన్ కాగితం కప్పి, తడి ఫోమ్ ముక్కలు అమర్చే స్త్రీలకు కత్తిరింపులను వేరుపట్టించే గదిని నడపడం కొత్తగా నేర్పవలసిన పని కాదు. ఈ అదనపు ఆదాయ మార్గాన్ని విస్తరణ సిబ్బంది ఇంతవరకు పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు.

కాని పురుగుల షెడ్డులోనే మొక్కలు పెట్టరాదు. పంట పంటకూ అక్కడ బ్లీచింగ్ పౌడరుతో శుద్ధి చేస్తారు, దాని ఆవిరి లేత ఆకులను కాల్చివేస్తుంది. మొక్కల నుంచి పురుగులకు ముప్పు మరింత పెద్దది. జాలువారే మొక్కలకు పిండినల్లి పట్టడం సాధారణం. దానికి ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు చల్లితే ఆ తుంపర మల్బరీ ఆకుపై పడి పట్టుపురుగుల పంట మొత్తం పోవచ్చు. ఒక పంట నష్టాన్ని వందల కుండీల అమ్మకం కూడా పూడ్చదు. అందుచేత మల్బరీ తోటకు దూరంగా వేరు పందిరి వేయాలి, నల్లిని స్పిరిటులో ముంచిన దూదితో తుడిచి తీయాలి. ఇంత జాగ్రత్త పాటించలేనివారు ఈ పనికి దిగకపోవడమే మంచిది.

నీడ విషయంలోనూ లెక్క తప్పుతోంది. వేసవి ఎండ సుమారు లక్ష లక్సులు. ఈ మొక్కలకు 10-15 వేలు చాలు. 75 శాతం షేడ్‌నెట్ ఒక్కటే వేస్తే 25 వేలు మిగులుతుంది. దాని కింద 50 శాతం వల మరొకటి వేస్తే 12,500 అవుతుంది.

నీటిది ఇంకా పెద్ద సమస్య. అనేక గ్రామాలలో బోరునీటిలో బైకార్బొనేట్లు ఎక్కువ. అది కుండీ మిశ్రమపు క్షారత్వాన్ని పెంచగా ఇనుము అందక లేత ఆకులు ఈనెల మధ్య పసుపుబారుతాయి. చూసినవారు ఎరువు చాలలేదనుకొని మరింత వేస్తారు, లవణాలు పేరుకొని వేరు కుళ్లుతుంది. కొబ్బరిపొట్టును కూడా రెండు మూడుసార్లు మంచినీటితో కడగకుండా వాడరాదు. వాన తక్కువ ప్రాంతంలో వాననీరు ఎక్కడిదని అడగవచ్చు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే కురిసినా 20 చదరపు మీటర్ల ఇంటికప్పుపై 11,000 లీటర్లు పడుతుంది. వంద చిన్న కుండీలకు రోజుకు 5 లీటర్లు పోసినా ఏడాదికి కావలసినది 1,825 లీటర్లు. కప్పునుంచి తొట్టిలోకి గొట్టం, మూతపెట్టిన తొట్టి ఉంటే చాలు.

అమ్మకానికి ఏప్రిల్ తగదు. పెనుకొండ సమీపంలో ఎర్రమంచి కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించినప్పటి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు మంచి కొనుగోలుదారులు కాగలవు. వారికైనా, ధర్మవరం వారికైనా జూలై తరువాతనే, గాలిలో కొంత చెమ్మ చేరినప్పుడు కుండీ అందాలి. అప్పుడు మొక్కకు తరువాతి వేసవి వరకు వేరు నిలదొక్కుకొనే వ్యవధి దొరుకుతుంది.