సిగ్గుపడి నడక మానకండి



షుగరు, బీపీ ఉన్నవారిని రోజూ అరగంట వేగంగా నడవమని డాక్టర్లు చెబుతారు. రొమ్ములు పెద్దగా ఉన్న అక్కచెల్లెళ్లు కొందరు నాలుగు రోజులకే మానేస్తారు. కారణం అడిగితే తల దించుకుంటారు. అది బద్ధకం కాదు, నొప్పి.

రొమ్ములో దాన్ని నిలిపే కండరం లేదు. చర్మం, లోపలి సన్నని బంధనాలే ఆధారం. అందుకే ఊగినప్పుడు రొమ్ములు, మెడ, భుజాలు నొప్పి పెడతాయి. 1977లో అమెరికాలో ముగ్గురు స్త్రీలు కలిసి పరుగు కోసం స్పోర్ట్స్ బ్రా తయారుచేశారు. ఈత, సైకిలు, పరుగు కలిసిన ట్రయథ్లాన్‌లో పాల్గొనే క్రీడాకారిణికే కాదు, గుడిదాకా నడిచే అమ్మకూ అది అవసరమేనని నా అభిప్రాయం.

మగవాళ్లు అమ్మే కొట్లో కొలత చెప్పలేక చేతికందినది తెచ్చుకుంటాం. అలా వద్దు. ఇంట్లో టేపుతో కొలుచుకుని వెళ్లండి. కప్పులు విడివిడిగా, భుజపట్టీలు వెడల్పుగా ఉన్నది అడగండి. బరువు ముఖ్యంగా మోయవలసింది కింది పట్టీ. దానిలో రెండు వేళ్లు దూరితే చాలు. సాగిపోతే మార్చండి.

గడ్డ తగిలినా, నడవనప్పుడూ నొప్పి ఉన్నా డాక్టరమ్మకు చూపించండి.

సహోదరులారా, దీన్ని మందుల ఖర్చులాగే ఎంచండి. దేవుడిచ్చిన దేహాన్ని కాపాడుకోవడానికి సిగ్గెందుకు?