సెబీ ఛైర్మన్ గారికి

అయ్యా,

మా మేనల్లుడికి మొన్ననే తొలి జీతం పడింది. పొదుపు సంగతి నేర్చుకుందామని యూట్యూబ్ తెరిస్తే, తెలుగులో చెప్పేవాళ్లకు కొదవే లేదు. సిప్ (నెలనెలా కొంత మదుపు) గురించి పది నిమిషాలు చక్కగానే చెప్పి, చివర్లో 'కింద లింకు నొక్కి డీమ్యాట్ ఖాతా తెరవండి' అంటారు. ఆ నొక్కుడుకు తమకెంత ముడుతుందో మాత్రం చెప్పరు.

పాఠం ముసుగులో టిప్పులివ్వకుండా ఉండేందుకు, గత మూడు నెలల షేర్ల ధరలు వాడొద్దని 2025 జనవరిలో మీ సంస్థే చెప్పింది. మంచిదే. కానీ మీ దగ్గర రిజిస్టరైన పెట్టుబడి సలహాదారుకు ఐఎన్ఏతో మొదలయ్యే నంబరుంటుందని, మీ సైట్లో సరిచూసుకోవచ్చని నేను చెప్పేదాకా వాడికి తెలియదు. (అక్కడ వెతకడానికి నాకే చెమటలు పట్టాయి.) ఆ నంబరు సరిచూసుకునే పేజీ తెలుగులో పెట్టించండి. కమీషన్ సంగతి వీడియో మొదట్లోనే చెప్పించండి.

ఇట్లు,
ఓ మేనమామ