గుడి మిగిలింది, ఇళ్లేవీ?

భిలాయిలో ఉంటున్న మీలో చాలామంది దేవబలోదా శివాలయం చూసే ఉంటారు. చరోదాకు దగ్గరలోనే ఉంది. శివరాత్రికి అక్కడ జాతర జరుగుతుంది. అది కలచురి రాజుల కాలం నాటి గుడి. శిఖరం లేకపోయినా రాతి గోడల మీది బొమ్మలు నిలిచి ఉన్నాయి. భారత పురావస్తు శాఖ దానిని కాపాడుతున్నది. మంచిదే. అయితే ఆ రాళ్లు చెక్కినవారు రాత్రిళ్లు ఏ ఇంట్లో పడుకున్నారు? ఆ ఇళ్లు ఏమయ్యాయి?

మట్టి, కర్ర ఎన్నాళ్లు నిలుస్తాయి అని మీరనవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఫ్రాన్సు దేశంలోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో కామెర్జెల్ ఇల్లు అని ఒకటి ఉంది. 1427లో కట్టారు. రాజుది కాదు, వర్తకులు కాపురమున్న ఇల్లు. కింది అంతస్తు రాయి. పై అంతస్తులు 1589లో కర్రతో కట్టినవి. ఇటువంటి ఇళ్లలో నిలువు కర్రలు, దూలాలు, ఏటవాలు బద్దలు కలిపి బిగించిన చట్రమే బరువు మోస్తుంది. గోడ మధ్య ఖాళీలను పూడుస్తుంది, అంతే. నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ కర్ర నిలిచే ఉంది. ఇప్పుడు అందులో భోజనశాల నడుస్తున్నది. వాడుకలో ఉన్న ఇంటికి చూరు కారితే వెంటనే తెలుస్తుంది. తాళం వేసిన ఇంటికి దూలం విరిగేదాకా తెలియదు.

కోస్తా జిల్లాల మండువా లోగిళ్లు కూడా ఇలా నిలవగలిగినవే. టేకు స్తంభాల మీద పెంకుల కప్పు, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా. నాలుగు చూరుల నీళ్లూ అందులో పడి తూము గుండా బయటికి పోతాయి. వాటిని విప్పి కలప అమ్ముకున్నవారిని నేను నిందించను. పెంకు సర్దించే ఖర్చు, పొగ పట్టిన వంటిల్లు అనుభవించినవారికే తెలుసు. ఆ ఖర్చులో ప్రభుత్వం పాలు పంచుకోవాలి.

ఉక్కు కర్మాగారం పనికి ఉత్తరాంధ్ర నుంచి భిలాయి వచ్చినవారిలో లోగిళ్ల వారు ఎందరు? కొందరి తాతలు చుట్టింట్లోనే పుట్టి ఉంటారు. గుండ్రని మట్టి గోడ, కిందికి వంగిన తాటాకు చూరు. సముద్రపు గాలి పట్టుకోవడానికి దానికి మూలలే ఉండవు. ఎంత తెలివైన పని! కాని 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం కట్టడానికి కనీసం నూరేళ్లు నిండాలి. కొన్నేళ్లకోసారి కప్పు మార్చే ఇంటికి నూరేళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? అక్కడ పాతబడినది ఆకు కాదు, కట్టే నేర్పు. ఆ నేర్పును కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

ఈసారి సెలవుకు ఊరు వెళ్లినప్పుడు టేపు, కాగితం వెంట తీసుకెళ్లండి. పాత ఇల్లు ఏది మిగిలి ఉన్నా కొలిచి బొమ్మ గీయండి. కట్టిన మేస్త్రి, వడ్రంగి ఎవరో పెద్దవాళ్లనడిగి కిందనే రాసుకోండి.