పొగను తినే పెయింట్‌.. మునగపాకకు పనికొస్తుందా?

గోడకు రంగు వేస్తే గాలి శుభ్రపడుతుందా? ‘పొగను తినే పెయింట్‌’గా పేరుపడిన ఫొటోకెటలిటిక్‌ పూతల గురించి జరుగుతున్న ప్రచారం ఇదే. అనకాపల్లి - అచ్యుతాపురం రోడ్డు మీదున్న మునగపాక లాంటి ఊళ్లకు ఇది ఆసక్తి కలిగించే మాటే. ఒకవైపు పరవాడ ఫార్మాసిటీ, మరోవైపు అచ్యుతాపురం సెజ్‌, మధ్యలో లారీలు. చెరకు సీజన్‌లో బెల్లం పొయ్యిల పొగ సరేసరి.

ఎలా పనిచేస్తుంది?

ఈ పూతల్లో ఎక్కువగా ఉండేది టైటానియం డయాక్సైడ్‌. మామూలు తెల్ల పెయింట్‌లోనూ ఉంటుంది కానీ, ఇక్కడ అతి సన్నని నానో కణాలుగా వాడతారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడగానే ఇది చురుగ్గా మారి, తనను తాకిన కాలుష్య వాయువులను విడగొడుతుంది. వాహనాల పొగలోని నైట్రోజన్‌ ఆక్సైడ్లు నైట్రేట్‌గా మారతాయి, వాన పడితే కొట్టుకుపోతాయి. జపాన్‌ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో ప్రచురించిన ప్రయోగంతో ఈ పరిశోధన ఊపందుకుంది.

మరి చిక్కెక్కడ?

గోడను తాకిన గాలి మీదే దీని ప్రభావం. వీధిలో గాలంతా గోడను తాకదు. రాత్రి పనిచేయదు. పూత మీద దుమ్ము పేరుకుంటే పనితనం తగ్గుతుంది. బహిరంగ ప్రదేశాల్లో ఇవి కాలుష్యాన్ని పెద్దగా తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారాల్లేవని బ్రిటన్‌ ప్రభుత్వ నిపుణుల బృందం 2016లోనే తేల్చింది.

అసలు ఇబ్బంది వేరే ఉంది. రోడ్డు దుమ్ము, చెరకు పిప్పి మంట నుంచి వచ్చే సూక్ష్మ ధూళిని ఈ పూత తొలగించలేదు. 2022లో అచ్యుతాపురం సెజ్‌లో మహిళా కార్మికులు ఆస్పత్రి పాలైనట్టు గ్యాస్‌ లీకైతే, ఏ పెయింటూ ఆదుకోదు.

డబ్బు ఎవరికి?

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం (ఎన్‌క్యాప్‌) 130 నగరాలకు పరిమితం. ఏపీలో విశాఖ సహా 13 ఉన్నాయి, అనకాపల్లి లేదు. 15వ ఆర్థిక సంఘం గాలి నాణ్యత నిధులు కూడా పది లక్షల జనాభా దాటిన నగరాలకే. అంటే విశాఖ శివార్లకు ఫ్యాక్టరీలు వచ్చాయి గానీ, గాలి కోసం ఇచ్చే నిధులు నగరం హద్దు దగ్గరే ఆగిపోయాయి. గాలికి మాత్రం ఆ హద్దు లేదు.

మనం అడగాల్సింది?

ముందు కొలత. పీఎం10 ఏడాది సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. ఊరి గాలి ఎంతుందో తెలియాలంటే దగ్గర్లో కొలిచే కేంద్రం ఉండాలి, లెక్కలు బయటపెట్టాలి. పర్యావరణ అనుమతి కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణల్లో గ్రామస్థులు ఇది గట్టిగా అడగొచ్చు. తర్వాత రోడ్డు దుమ్ము అదుపు, పొగ తక్కువ వచ్చే బెల్లం పొయ్యిలకు సాయం, ఫ్యాక్టరీల్లో తనిఖీలు. పెయింట్‌ ఆ జాబితాలో చివరన ఉండాల్సింది.