సంచారానికి ఇంగ్లిషు పెట్టిన పేర్లు

గమ్యం పట్టింపు లేకుండా తీరికగా నడవడాన్ని ఇంగ్లిషులో 'సాంటర్' అంటారు. ఆ క్రియ పుట్టుక ఇప్పటికీ గట్టిగా తేలలేదు గనుక దాని చుట్టూ అల్లిన కథకే ప్రచారం ఎక్కువ. 1755 నాటి తన నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ దానిని ఫ్రెంచిలో పవిత్ర భూమి అని అర్థమిచ్చే 'సాంత్ తేర్'తో ముడిపెట్టి, అక్కడికి యాత్ర పోతున్నామనే నెపంతో ఊళ్లు తిరిగి అడుక్కునే సోమరుల నుంచి ఆ మాట వచ్చిందన్నాడు. హెన్రీ డేవిడ్ థోరో మరణించిన 1862లోనే, ఆయన పోయాక అచ్చయిన 'వాకింగ్' వ్యాసం ఆ కథనే చేపట్టి, నిజంగా పవిత్ర భూమికి నడిచేవాడే ఈ పేరుకు తగినవాడని తీర్పు మార్చింది. అక్కడితో ఆగక, సొంత నేల లేనివాడని చెప్పే మరో వ్యుత్పత్తిని కూడా చూపి, ఎక్కడా ఇల్లు లేనివాడికి అన్నిచోట్లా ఇల్లేనని వ్యాఖ్యానించింది. నేటి శబ్దశాస్త్రం ఈ రెంటినీ అంగీకరించదు. అయినా, ఒకే కల్పిత కథలో ఒకరికి దొంగ భక్తుడు, మరొకరికి అసలు భక్తుడు కనబడడం గమనించదగినది, ఎందుకంటే సంచారిని మెచ్చుకోవాలా అనుమానించాలా అన్న డోలాయమానం ఇంగ్లిషు పదజాలమంతటా ఉంది.

ఆధారమున్న వ్యుత్పత్తులు ఇంత రమ్యంగా ఉండవు. యాత్రికుడని అర్థమిచ్చే 'పిల్‌గ్రిమ్' లాటిన్‌లో పరదేశిని సూచించిన 'పెరెగ్రినస్' నుంచి వచ్చింది. 'ట్రావెల్' అంటే మొదట కాయకష్టం, దాని మూలంగా సాధారణంగా చూపే 'ట్రిపాలియం' మూడు కొయ్యల హింసాసాధనం.

తిరగడమనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చిన 'వేగబాండ్' మాత్రం చట్టం చేతిలో పడింది. ఒంట్లో సత్తువ ఉండీ పని చేయని దేశదిమ్మరికి రొమ్ము మీద 'వి' అక్షరం వాత పెట్టి రెండేళ్లు బానిసగా అప్పగించాలని 1547లో ఇంగ్లండు పార్లమెంటు శాసించింది. ఆ క్రౌర్యం అమలుకు నిలవక మూడేళ్లకే రద్దయినా, 1824 చట్టం దాకా ఆ మాట నేరస్థుల వర్గీకరణలో కొనసాగింది. అదే భాషలో సాహసాలు వెదుక్కుంటూ గుర్రమెక్కి తిరిగే వీరుడు 'నైట్ ఎరంట్' అనే గౌరవనామం పొందాడు. తేడా తిరగడంలో కన్నా గుర్రంలోనే ఉన్నట్టుంది.

ఈ అనుమానం ఓడలెక్కి భారతదేశానికీ వచ్చింది. కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించిన 1871 చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించాక, తీరం నుంచి లోపలి ప్రాంతాలకు ఉప్పు మోసి ధాన్యంతో మార్చుకుంటూ తిరిగి, రైలు రాకతో ఆ వర్తకం దెబ్బతిన్న ఎరుకలవారు దాని కిందికి వచ్చి, కొందరు బాపట్ల దగ్గరి స్టువర్టుపురం సెటిల్మెంటులో స్థిరపడవలసి వచ్చింది. ఆ చట్టం 1952లో రద్దయింది.