జోడ్ కుటుంబం పాలమూరుదే

పరాయి దేశం సినిమా చూసి ఏడ్చామంటే కొందరు నవ్వుతారు. భాష రాదు, ఊరు తెలియదు, కన్నీళ్లెట్లా వస్తాయని అడుగుతారు. ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ చూసిన పాలమూరు మనిషిని ఆ మాట అడగాల్సిన పని లేదు.

జాన్ స్టైన్‌బెక్ నవల ఆధారంగా 1940లో జాన్ ఫోర్డ్ తీసిన సినిమా అది. అమెరికాలోని ఓక్లహోమాలో కరువు, అప్పు కలిసి రైతులను భూముల నుంచి వెళ్లగొడతాయి. ఇల్లు కూలగొట్టడానికి ట్రాక్టర్ తోలుకొచ్చినవాడు తెలిసిన రైతు కొడుకే. రోజుకు మూడు డాలర్ల కూలికి వచ్చాడు. బందూకు పట్టుకున్న రైతు ఎవరిని కాల్చాలి? జోడ్ కుటుంబం పాత ట్రక్కులో సామాను కట్టుకుని కాలిఫోర్నియా బాట పడుతుంది. బయలుదేరే ముందు తల్లి పాత పెట్టె ముందేసుకుని కూర్చుంటుంది. కమ్మలు చెవులకు ఆనించి అద్దంలో చూసుకుంటుంది. ఒక్క మాట లేదు. నాకు గొంతు పట్టేసింది అక్కడే. ఊరు వదలనని మొండికేసిన తాత దారిలోనే చనిపోతే, రోడ్డు పక్కనే పూడ్చిపెట్టి ముందుకు పోతారు.

ఇది మనకు కొత్త కథా? అటు కృష్ణ, ఇటు తుంగభద్ర పారుతుంటే నడిగడ్డ జనం నీళ్లు లేక బతుకపోయారు. రాజోలిబండ కాలువ కింద 87,500 ఎకరాలని కాగితం చెప్పింది. చివరి భూములకు నీళ్ల కోసం రైతులు ఏండ్ల తరబడి కొట్లాడారు. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెలదీ అదే గోస. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలోళ్లను ఇంటికాడ వదిలి, పసిపిల్లలను సంకనేసుకుని పోయినవాళ్లు దేశమంతా ఆనకట్టలు కట్టారు. వాళ్లకు దక్కిన పేరు ‘పాలమూరు లేబర్’. కాలిఫోర్నియాలో జోడ్‌లాంటి వాళ్లను ‘ఓకీ’లన్నారు. పుట్టిన గడ్డ పేరునే కూలి పేరు చేయడం అక్కడా ఇక్కడా ఒక్కటే.

ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ 1997లో తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ ఇంకో తీరు. చెల్లెలి బూట్లు పోగొట్టిన అన్న తన జతనే ఆమెతో పంచుకుంటాడు. పరుగు పందెంలో మూడో బహుమతి బూట్ల జత. దానికోసమే ఉరికిన పిల్లగాడు మొదటొచ్చి ఏడుస్తాడు. చుట్టూ చప్పట్లు, వాడి కళ్లల్లో నీళ్లు. 2014 జూన్ 2 తర్వాత మనలో చాలామందికి ఆ ఏడుపు తెలుసు. రాష్ట్రం గెలిచాం. దేనికోసం ఉరికామో అదంతా చేతికి రాలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో తెర మీద మన యాసను ఎక్కువగా రౌడీకో, జోకర్‌కో అంటగట్టారు. ‘మా భూమి’, ‘దాసి’ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మన మాట, మన చావు, మన కాకి ముట్టుడు థియేటర్లను ఏడిపించగలవని 2023లో ‘బలగం’ రుజువు చేసింది. కానీ పాలమూరు వలసకు జోడ్ కుటుంబం అంతటి సినిమా ఇప్పటికీ బాకీ ఉంది.

తెలంగాణలో కవులే లేరని ఈసడిస్తే, నడిగడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి నోరు మూయించాడు. ఆ జవాబు ఇప్పుడు కెమెరాతో చెప్పాలి. 2016లో మూడు జిల్లాలయ్యాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీల్లో నెలకొక్క ప్రపంచ సినిమా వేయాలి. దానికి కోట్లు అక్కర్లేదు. ఒక తెర, ఒక ప్రొజెక్టర్, నలుగురు లెక్చరర్ల పూనిక చాలు. ఉద్యోగ సంఘాలు పూనుకుంటే రేపే మొదలుపెట్టొచ్చు. విద్యార్థి మిత్రులారా, మీ జేబుల్లో ఫోన్లున్నాయి, వాటిలో కెమెరాలున్నాయి. ఆనకట్టలకు మట్టి మోసిన అవ్వలు, తాతలు ఇంకా మీ ఊళ్లల్లోనే ఉన్నారు. వాళ్లు పోయేలోపే వాళ్ల మాట పట్టుకోండి.