ఆరోగ్య విషయములు: గురకయు, గాలియంత్రమును



గుర్రుపెట్టి నిద్రించువానిని చూచి, "ఎంత హాయిగా నిద్రపోవుచున్నాడో!" అనుకొనుట మన వాడుక. కుంభకర్ణుని పేరెత్తి నవ్వుటయు కలదు. కాని ఆ గురక నడుమ నడుమ పూర్తిగా నిలిచి, కొంతసేపు నిశ్శబ్దమై, పిమ్మట ఉలికిపాటుతో మరల మొదలగుచున్నచో అది నవ్వదగిన విషయము కాదు. నిద్రలో గొంతు కండరములు సడలి శ్వాసమార్గమును మూసివేయుచున్నవన్నమాట. దీనినే స్లీప్ ఆప్నియా అందురు. ఊపిరి పది సెకండ్లో, అంతకు మించియో ఆగుటను, సన్నగిల్లుటను వైద్యులు లెక్కింతురు. గంటకు 30 సారులు, ఆపైన జరిగినచో వ్యాధి తీవ్రమైనది. రోగికి తెల్లవారిన పిమ్మట ఏమియు జ్ఞాపకముండదు. ప్రక్కనున్న ఇల్లాలికే తెలియును. పగలు కూర్చున్నచోటనే కునుకు వచ్చును. లారీ నడుపువానికి ఆ కునుకు ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

పూర్వము తీవ్ర రోగులకు గట్టి చికిత్స యనగా మెడకు రంధ్రము చేయుటయే. 1980లో సిడ్నీ నగరమున కాలిన్ సల్లివన్ అను వైద్యుడు ముక్కునకు తొడుగు అమర్చి, కొద్దిపాటి ఒత్తిడితో గాలిని పంపి చూచెను. గొంతు మూసికొనలేదు. 1981లో ఐదుగురు రోగుల వృత్తాంతము లాన్సెట్ పత్రికలో వెలువడినది. నేటి సీపాప్ యంత్రమునకు అదియే మూలము. తోటకు నీరు పెట్టు గుడ్డగొట్టము ఖాళీగానున్నప్పుడు చప్పగా పడియుండి, నీరు పారునప్పుడు గుండ్రముగా నిలుచును గదా! ఈ గాలి గొంతునకు చేయునదియు అంతే.

చిక్కంతయు ఇక్కడనే యున్నది. ఆ గాలి ఆగినచో గొంతు మరల మూతపడును. తొడిగినంతసేపే గుణము. 1993లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, రోగులకు తెలియకుండ యంత్రములో లెక్కించు సాధనము నుంచిరి. నూటికి అరువదిమంది ప్రతిరాత్రియు వాడుచున్నామనిరి. సాధనము చూడగా, నూటికి డెబ్బది దినములైనను, దినమునకు 4 గంటలైనను వాడినవారు 35 మందిలో 16 మందియే! వారిని అబద్ధీకులనుటకు నాకు మనసొప్పదు. అర్ధరాత్రి నిద్రమత్తులో ఊడదీసినది ఎవరికి జ్ఞాపకముండును?

గుండెజబ్బు, పక్షవాతము మున్ను కలిగియుండిన 2,717 మందిపై జరిగిన మరియొక పెద్ద పరిశోధన 2016లో వెలువడినది. యంత్రము వలన గుండెపోటు, పక్షవాతము తగ్గినట్లు అందు తేలలేదు. పగటి నిద్రమత్తు తగ్గినది, మనస్సు కుదుటపడినది. అయితే వారు వాడినది సగటున రాత్రికి 3.3 గంటలే. మిగిలిన రాత్రి గొంతు మూతపడుచునే యుండెను గదా! ఎక్కువసేపు వాడినచో గుండెకును మేలు కలుగునేమో యను వాదము నేటికిని తెగలేదు. కావున గుండెను కాపాడునని నేను మాట యీయను. కునుకుపాట్లు తగ్గుననుటలో సందేహము లేదు.

మానివేయువారు చాలవరకు మొదటి వారములలోనే మానుదురు. మాస్కు సరిపడక గాలి కారి కండ్లలోనికి కొట్టుట, ముక్కు ఎండిపోవుట, ఊపిరి బిగబట్టినట్లు భయము, మనవంటి ఉక్కదేశములలో చెమట, వీనికి తోడు సిగ్గు. బంధువుల యింట ఈ తొండము తగిలించుకొని పడుకొనుటెట్లని కొందరందురు. సిగ్గునకు నా యొద్ద మందు లేదు. తక్కినవానికి కలదు. మాస్కు కొలత మార్పించుకొనవలెను. గాలిని తేమపరచు పాత్రను అమర్చుకొనవలెను. భయపడువారు మొదట పగటివేళ, మేల్కొనియుండి, పత్రిక చదువుకొనుచు అరగంటసేపు తొడిగి అలవాటు చేసికొనవలెను. మాస్కును ప్రతిదినము సబ్బునీటితో కడుగవలెను. ఒత్తిడిని మాత్రము వైద్యుని సలహా లేక మార్చరాదు.

శస్త్రచికిత్సకై ఆసుపత్రిలో చేరువారు యంత్రమును వెంట తీసికొనిపోవలెను. మత్తుమందిచ్చు వైద్యునికి ఈ వ్యాధి సంగతి ముందుగానే తెలుపవలెను.